బల్లపరుపు పురుగుల్లో నాడీమండల పునర్నిర్మాణం

మంచినీటి బల్లపరుపు పురుగులైన ప్లనేరియాలు తల తెగినా చావవు. మిగిలిన మొండెం సుమారు రెండు వారాల్లో కొత్త తలను, అందులో కొత్త మెదడును, ఆ మెదడుతో సరిగ్గా కలిసిన కళ్ళను మళ్ళీ తెచ్చుకుంటుంది. వెన్నుపాము తెగిన మనిషికి గానీ, పక్షవాతంతో మెదడులో కొంత భాగం చచ్చుబడిన మనిషికి గానీ దక్కని భాగ్యం ఇది. ప్లనేరియాను ముక్కలుగా కోసిన బొమ్మను బడి పుస్తకంలో చూసిన తెలుగు విద్యార్థులు చాలామందే ఉంటారు. అయితే ఆ బొమ్మలో అసలు విశేషం కనిపించదు. నాడీకణాలు కొత్తగా పుట్టడం ఈ పనిలో సులువైన భాగం. పుట్టిన కణం తన చోటు తెలుసుకోవాలి, తన పోగును తగిన కణం దాకా పంపాలి, అలా కుదిరిన అల్లిక మునుపటిలా పనిచేయాలి. కష్టమంతా అక్కడే ఉంది. గత పాతికేళ్ళ అణుస్థాయి పరిశోధనలో విలువైన భాగం ఈ ప్రశ్నల చుట్టూ సాగింది. అందులో బెంగళూరులోని మూలకణ పరిశోధన సంస్థ ఇన్‌స్టెమ్‌కూ, హైదరాబాద్ విశ్వవిద్యాలయానికీ చెప్పుకోదగ్గ వాటా ఉంది.

పురుగు, దాని నాడులు

బల్లపరుపు పురుగుల్లో బద్దెపురుగు, లివర్ ఫ్లూక్ వంటి పరాన్నజీవులు ఉన్నాయి. చెరువుల్లో, వాగుల్లో, తడి నేలల్లో స్వేచ్ఛగా బతికేవీ ఉన్నాయి. వానాకాలంలో తోటల్లో, పూలకుండీల కింద కనిపించే సుత్తి తల బైపాలియం రెండో కోవకు చెందింది. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడేవి రెండు జాతులు: మధ్యధరా సముద్రపు పశ్చిమ తీరాలకు చెందిన ష్మిడ్టియా మెడిటరేనియా, జపాన్‌కు చెందిన డుగీసియా జపోనికా. ఇవి కొద్ది మిల్లీమీటర్ల నుంచి రెండు సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. వీటికి గుండె లేదు, రక్తనాళాలు లేవు, మలద్వారం లేదు. నోరు పొట్ట మధ్యలో ఉంటుంది.

ఇంత సాదా శరీరంలో నాడీమండలం మాత్రం సాదాది కాదు. తలలో రెండు తమ్మెల మెదడు, దాని నుంచి పొట్టవైపున తోక దాకా సాగే రెండు నాడీదండాలు, వాటిని అడ్డంగా కలిపే పోగులు, చర్మం కింద ఒళ్ళంతా పరచుకున్న నాడీవల ఉంటాయి. ఎసిటైల్‌కోలిన్, సెరటోనిన్, డోపమిన్, గాబా వంటి మన మెదడు వాడే రసాయనాలనే ఇదీ వాడుతుంది. ఒక్కో కన్నులో నల్లటి వర్ణక గిన్నె, అందులోకి ఒదిగిన కాంతిగ్రాహక నాడీకణాలు ఉంటాయి. ఆ కణాల పొడవాటి పోగుల్లో, అంటే ఆక్సాన్లలో, కొన్ని తమ వైపు మెదడులోకీ, కొన్ని మధ్యరేఖ దాటి అవతలి వైపుకీ వెళ్తాయి. పునరుత్పత్తి సవ్యంగా జరిగిందో లేదో తేల్చడానికి పరిశోధకులు ముందుగా చూసేది ఈ అడ్డదారినే. తల ఆకారం చక్కగా వచ్చినా ఇక్కడ ఆక్సాన్లు దారి తప్పాయంటే పని పూర్తికానట్టే.

తొలినాటి పరిశీలకులు

జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త పీటర్ సైమన్ పల్లాస్ 1766లోనే ప్లనేరియా ముక్కలు పూర్తి పురుగులుగా ఎదగడం గురించి రాశాడు. స్కాట్లండ్ వాడైన జాన్ గ్రాహం డాలియెల్ 1814లో, ఈ జీవికి కత్తి అంచున కూడా చావు లేదనవచ్చునన్నాడు. తర్వాత ఈగల మీద క్రోమోజోముల పరిశోధనకు 1933లో నోబెల్ పొందిన థామస్ హంట్ మోర్గన్ 1898లో ప్లనేరియాలను రకరకాలుగా కోసి, పురుగులో 279వ వంతు ముక్క కూడా పూర్తి జీవిగా మారగలదని లెక్కకట్టాడు. మోర్గన్ ఈ పని వదిలి ఈగల వైపు మళ్ళడానికి కారణం ఉంది. ఏమి జరుగుతోందో చూడగలిగాడు గానీ, ఎందుకు జరుగుతోందో విప్పిచెప్పే పనిముట్లు ఆనాడు లేవు.

ఆ పనిముట్టు 1999లో చేతికి వచ్చింది. అలెహాంద్రో సాంచెజ్ అల్వరాడో, ఫిలిప్ న్యూమార్క్ ఆర్ఎన్ఏ జోక్యం ద్వారా ప్లనేరియాలో కోరిన జన్యువు నోరు నొక్కవచ్చని చూపారు. ఆ జన్యువుకు సరిపోలే రెండు పేటల ఆర్ఎన్ఏను పురుగు ఒంట్లోకి పంపితే, అది ఆ జన్యువు పంపే సందేశాన్ని నాశనం చేస్తుంది. ఆ ఆర్ఎన్ఏను బ్యాక్టీరియాల చేత తయారు చేయించి, కాలేయపు ముద్దలో కలిపి మేతగా పెట్టే పద్ధతి 2003లో వచ్చింది. పురుగు తిన్నాక తల కోసి, కొత్త తల ఎలా వస్తుందో చూస్తారు. ఇంత చవకైన, ఇంత సూటి పద్ధతి కాబట్టే ఈ రంగం వేగంగా ఎదిగింది.

ముడిసరుకు: నియోబ్లాస్టులు

పెద్ద పురుగులో విభజన చెందగల కణాలు ఒక్క రకమే. వాటి పేరు నియోబ్లాస్టులు. ఒంట్లోని కణాల్లో అయిదో వంతుకు అటూఇటూగా ఉండే ఈ మూలకణాలు గాయం లేనప్పుడు కూడా పని ఆపవు. అరిగిపోయిన చర్మ, పేగు, నాడీ కణాల స్థానంలో కొత్తవాటిని నిత్యం అందిస్తాయి. ఎక్స్‌రేలతో వీటిని చంపితే పురుగు కొన్ని వారాల్లో శిథిలమై చస్తుంది. 2011లో డేనియల్ వాగ్నర్, ఇర్వింగ్ వాంగ్, పీటర్ రెడియన్ అలాంటి పురుగులోకి ఒకే ఒక్క నియోబ్లాస్టును చొప్పించారు. ఆ ఒక్క కణం సంతతే శరీరమంతటినీ తిరిగి నింపి పురుగును నిలబెట్టింది. కనీసం కొన్ని నియోబ్లాస్టులకు ఏ కణంగానైనా మారే శక్తి ఉందని దీంతో తేలింది.

గాయమైన 6 గంటలకు ఒళ్ళంతా కణవిభజన ఒకసారి ఎగసిపడుతుంది. ఇది చిన్న సూదిపోటుకైనా జరుగుతుంది. కణజాలం నిజంగా పోయినప్పుడు మాత్రమే 48 గంటల ప్రాంతంలో, గాయం దగ్గర, రెండో ఉధృతి వస్తుంది. అంటే చిన్న చీలికకూ పోయిన అవయవానికీ తేడా పురుగుకు తెలుస్తోంది. ఈలోగా గాయం మీద రంగులేని మొగ్గ, అంటే బ్లాస్టీమా, ఏర్పడుతుంది. మొదటి రెండు రోజుల్లోనే అందులో మెదడు తొలి రూపు మొదలవుతుంది. నాలుగైదు రోజులకు కంటి నలుపు కనిపిస్తుంది.

నాడీకణంగా మారాల్సిన నియోబ్లాస్టులో ఆ నిర్ణయం చాలా ముందే మొదలవుతుంది. విభజన చెందే దశలో ఉండగానే కొన్ని నియోబ్లాస్టుల్లో ప్రత్యేక నియంత్రక జన్యువులు మేల్కొంటాయి. పిట్‌ఎక్స్ జన్యువు సెరటోనిన్ నాడీకణాలకు అవసరం. సీఓఈ జన్యువు పలురకాల నాడీకణాల నిర్మాణానికి కావాలి. ఓవో జన్యువు నోరు నొక్కితే కళ్ళే రావు. ఈగ నుంచి మనిషి దాకా కంటి నిర్మాణానికి మూలమనే పేరున్న పాక్స్6 జన్యువును అణచినా మాత్రం ప్లనేరియాలో కన్ను మళ్ళీ వస్తుంది. జీవశాస్త్రంలో సర్వత్రా చెల్లే సూత్రం దొరికిందనుకున్నప్పుడల్లా గుర్తుంచుకోవలసిన ఉదాహరణ ఇది. 2018లో ఒక్కొక్క కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో విడివిడిగా చదివిన రెండు పటాలు వెలువడ్డాయి. వాటిలో ఒకటి 66,783 కణాలను పరిశీలించింది. నాడీకణాల్లో ఎంత వైవిధ్యముందో వాటితో బయటపడింది.

దిక్కు చెప్పే కండరాలు

ఇటుకలు దించినంత మాత్రాన ఇల్లు లేవదు. మొండెం ముందువైపు గాయం తలనే ఎందుకు మొలిపించాలి, వెనకవైపు గాయం తోకనే ఎందుకు? మోర్గన్‌ను వేధించిన ఈ ప్రశ్నకు జవాబు 2008లో దొరకడం మొదలైంది. ఆ ఏడాది రెండు బృందాలు బీటా-కెటెనిన్ జన్యువును అణచి చూశాయి. తోక ఉండాల్సిన చోట తల మొలిచింది. అణచివేత కొనసాగితే కోయని పురుగుల ఒంటి అంచుల్లో కూడా తలలు, కళ్ళు పుట్టుకొచ్చాయి. బీటా-కెటెనిన్ అనేది ‘వింట్’ అనే సంకేత ప్రొటీన్ల ఆజ్ఞను కణం లోపలికి చేరవేసే అణువు. వింట్ చురుగ్గా ఉన్న చోట తోక, అణగిన చోట తల.

తల వైపు వింట్‌ను అణచేది నోటమ్ అనే ఎంజైమ్. వింట్ ప్రొటీన్‌కు అతుక్కున్న కొవ్వు ఆమ్లాన్ని నోటమ్ తెంచేస్తుంది. ఆ కొవ్వు తోక లేని వింట్ తన గ్రాహకాన్ని పట్టలేదు. గాయమైన కొద్ది గంటల్లోనే నోటమ్ జన్యువు ముందువైపు చూసే గాయాల్లో మాత్రమే బలంగా మేల్కొంటుంది. దాన్ని అడ్డుకుంటే మెడ దగ్గర తోక మొలుస్తుంది. 2013లో మరో సంగతి తెలిసింది. ఈ దిక్కులు చెప్పే జన్యువులు ప్రధానంగా పనిచేసేది చర్మం కింది కండరకణాల్లో. పురుగును కదిలించే కండరమే, ఎక్కడ ఏముండాలో గుర్తుంచుకునే పటం కూడా. నాడీమండల నిర్మాణానికి దారి చూపేది నాడీకణం కాకపోవడం ఈ రంగంలో నాకు అన్నిటికన్నా లోతైన ఫలితంగా తోస్తుంది.

ఈ అవగాహన ఎంత గట్టిదో అదే 2013లో మరోలా రుజువైంది. కొన్ని ప్లనేరియా జాతులకు తోక వైపు ముక్క నుంచి తల రాదు. డెండ్రోసీలమ్ లాక్టియమ్ అలాంటిది. జర్మనీ, జపాన్, అమెరికా బృందాలు వేర్వేరుగా, మూడు వేర్వేరు జాతుల్లో, వింట్ మార్గాన్ని అణచి చూశాయి. పరిణామంలో ఎప్పుడో పోయిన శక్తి తిరిగి వచ్చింది. తోక ముక్కలు తల మొలిపించుకున్నాయి. ముడిసరుకు వాటిలో ముందునుంచీ ఉంది. కొరవడింది ఆజ్ఞ.

మెదడుకు గట్లు

తల వైపు ఏదో తేలాక, ఆ తలలో మెదడు ఎంత మేర ఉండాలి? దీనికి జవాబిచ్చిన జన్యువు నూ-దరాకే. కియోకాజు అగాటా బృందంలో ఫ్రాన్సెస్క్ సెబ్రియా తదితరులు 2002లో దాన్ని వెల్లడించారు. ఈ జన్యువు తల ప్రాంతంలో పనిచేస్తుంది. దాని ప్రొటీన్, కణాలకు ఎదుగుదల సంకేతాలందించే ఎఫ్‌జీఎఫ్ గ్రాహకాన్ని పోలి ఉంటుంది. దాన్ని అణచిన పురుగుల్లో మెదడు కణజాలం తల దాటి మొండెంలోకి పాకింది, నడుము దగ్గర కూడా కళ్ళు మొలిచాయి. ఎఫ్‌జీఎఫ్ గ్రాహకాలను కూడా కలిపి అణచినప్పుడు ఆ విపరీతం ఆగింది. మెదడుగా మారమనే సంకేతాన్ని తలలోనే పట్టి ఉంచే గట్టు నూ-దరాకే అన్నమాట.

పరిమాణం కూడా ఒకసారి నిర్ణయించి వదిలేసేది కాదు. ఆకలితో మాడిన ప్లనేరియా చిక్కుతుంది; మెదడు కూడా ఒంటికి తగ్గ నిష్పత్తిలో చిక్కుతుంది. మేత దొరికితే రెండూ పెరుగుతాయి. నోటమ్‌కూ, మెదడు వెనక భాగంలో పనిచేసే ఒక వింట్‌కూ మధ్య సాగే ఎత్తుపల్లాల వల్ల, ఎన్ని నియోబ్లాస్టులు మెదడు కణాలుగా మారాలో తేలుతుందని 2015లో క్రిస్టియన్ పీటర్సన్ ప్రయోగశాల చూపింది.

పోగు దారి పట్టడం

స్లిట్ అనే ప్రొటీన్ శరీర మధ్యరేఖ పొడవునా స్రవిస్తుంది. ఆక్సాన్లను అక్కడ గుమిగూడకుండా నెడుతుంది. స్లిట్‌ను అణచిన ప్లనేరియాలో కొత్త నాడీ కణజాలమంతా నడిమికి కుప్పపడుతుంది. కళ్ళు దగ్గరికి జరుగుతాయి, ఒక్కోసారి కలిసిపోతాయి. స్లిట్‌ను పసిగట్టే రోబో గ్రాహకాలు, నెట్రిన్ ప్రొటీన్లు కూడా ఈ దారి చూపే పనిలో ఉన్నాయి. ఇవన్నీ మన వెన్నుపాము గర్భంలో తయారయ్యేటప్పుడు పనిచేసేవే. తేడా ఏమిటంటే మనలో ఆ సూచనలు పిండదశ ముగిశాక సన్నగిల్లుతాయి. ప్లనేరియాలో జీవితాంతం వెలుగుతూనే ఉంటాయి.

2020లో రెడియన్ ప్రయోగశాల నుంచి మరో ఆధారం వచ్చింది. కంటి ఆక్సాన్లు వెళ్ళే దారిలో కొన్ని ప్రత్యేక కండరకణాలు దారిగుర్తుల్లా నిలబడి ఉంటాయి. కళ్ళు లేని పురుగుల్లోనూ ఆ గుర్తులు తమ చోట ఏర్పడతాయి. కొత్త ఆక్సాన్ వాటి పక్కనుంచి సాగి మెదడును చేరుతుంది. పిండంలో దూరాలు చిన్నవి, ఆక్సాన్లు సులువుగా దారి పట్టగలవు. ఎదిగిన జంతువులో అంత దూరం పోవాలంటే ఇలాంటి నిలకడైన గుర్తులు కావాలి.

ఈ చోటనే బెంగళూరు పని వచ్చి చేరుతుంది. దాశరథి పాలకోడేటి అమెరికాలో బ్రెంటన్ గ్రేవ్లీతో కలిసి 2006లో ప్లనేరియా సూక్ష్మ ఆర్ఎన్ఏలను గుర్తించారు. నియోబ్లాస్టులు మనడానికి పివీ కుటుంబపు ప్రొటీన్లు, వాటి వెంట ఉండే చిన్న ఆర్ఎన్ఏలు అవసరమని 2008లో చూపారు. తర్వాత ఇన్‌స్టెమ్‌లో సొంత ప్రయోగశాల నెలకొల్పారు. అక్కడి నుంచి 2017లో డెవలప్‌మెంట్ పత్రికలో వెలువడిన వ్యాసం విద్యానంద్ శశిధరన్ తదితరులది. వారు ఎంచుకున్న అణువు ఎంఐఆర్-124.

సూక్ష్మ ఆర్ఎన్ఏ అంటే సుమారు 22 అక్షరాల పొడవున్న తునక. దానికి సొంత ప్రొటీన్ లేదు. ఇతర జన్యువుల సందేశాలను అంటిపెట్టుకుని వాటి గొంతు తగ్గించడమే దాని పని. ఎంఐఆర్-124 పురుగు నుంచి మనిషి దాకా పెద్దగా మారకుండా వచ్చిన తునక. నాడీకణం నాడీకణంగా స్థిరపడటంలో దాని పాత్ర ముందే తెలుసు. అల్లికలో దాని పాత్ర తెలియదు. పైగా ప్లనేరియాలో సూక్ష్మ ఆర్ఎన్ఏను అణచడమే కష్టం. అందుకని ఈ బృందం అణచివేసే తునకలను లైపోజోమ్‌లనే కొవ్వు బుడగల్లో పొదిగి పురుగులోకి పంపే కొత్త పద్ధతి తయారు చేసింది. ఫలితంగా మెదడు తిరిగి వచ్చింది గానీ దాని అమరిక చెదిరింది. కన్నుగా మారాల్సిన పూర్వకణాల పుట్టుకకూ ఎంఐఆర్-124 అవసరమని తేలింది. ఆ తునక స్లిట్-1 ను నియంత్రిస్తోంది. ఆ జన్యు సందేశాన్ని నేరుగా పట్టుకోవచ్చు, లేదా కణాల మధ్య సంభాషణకు వాడుకయ్యే నాచ్ మార్గం ద్వారా పనిచేయవచ్చు. ఈ రెండింటికీ దాఖలాలు చూపి, రెండో దాన్ని సంభావ్యతగానే ఉంచిన వారి నిగ్రహం మెచ్చదగ్గది.

అల్లిక పనిచేస్తోందా?

సూక్ష్మదర్శిని కింద పోగులు సరిగ్గా కనిపించడం ఒకటి, పురుగు వాటిని వాడుకోగలగడం ఒకటి. ఈ రెండోదాన్ని కొలిచిన పని నిషాన్ శెట్టిగార్, పాలకోడేటి, ఆకాశ్ గుల్యానీ తదితరులది. సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో 2017లో వచ్చింది. ప్లనేరియా కంటిలో రంగులు వేరుచేసే వేర్వేరు గ్రాహకాలు లేవు, ఉన్నది ఒకే ఆప్సిన్, అంటే కాంతిని పట్టే ప్రొటీన్. అయినా కాంతి తరంగదైర్ఘ్యం 25 నానోమీటర్లు మారితే చాలు, పురుగు వెళ్ళే దిక్కు పూర్తిగా తిరగబడుతుంది. ఒక్కో కాంతిలో కన్ను పీల్చుకునే మోతాదును పోల్చి, తక్కువగా తోచిన వైపు పోతుందన్నమాట.

తల కోసిన తర్వాత ఈ నేర్పు ఒక్కసారిగా రాదు. కళ్ళు కొత్తగా వచ్చిన పురుగు వెలుతురును గుర్తిస్తుంది గానీ సన్నని తేడాలను పట్టలేదు. ఆ నేర్పు తర్వాత వస్తుంది. అంతకన్నా ఆసక్తికరమైనది ఇంకొకటి. ప్లనేరియాకు కళ్ళతో సంబంధం లేకుండా, తక్కువ మోతాదు అతినీలలోహిత-ఏ కిరణాల నుంచి తప్పుకునే ఒంటి స్పందన కూడా ఉంది. మామూలు పురుగులో ఈ రెండూ పోటీపడితే కన్ను, మెదడు గెలుస్తాయి. పునరుత్పత్తి నడుస్తున్న ఒక దశలో మాత్రం రెండూ కలిసి పనిచేస్తున్నా పైచేయి ఒంటిదవుతుంది. మెదడు తన పెత్తనాన్ని కూడా తిరిగి సంపాదించుకోవాల్సి ఉంటుంది.

గుల్యానీ హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాక, 2021లో అమెరికా జాతీయ అకాడమీ పత్రికలో ఆ ఒంటి స్పందనకు మూలం వెల్లడైంది. పురుగు అంచుల పొడవునా వరుసగా ఉండే కాంతిగ్రాహక కణాలు, ఒక్కో దానిలో రెండు అసాధారణ ఆప్సిన్లు, పక్కనే నాడీవల. తల తీసేసిన పురుగు కూడా వీటితో నిండు పురుగులా కదులుతుంది. గుడ్డు నుంచి వచ్చేనాటికే కళ్ళు పనిచేస్తాయి. ఈ వరుస మాత్రం పెద్దయ్యాకే పూర్తవుతుంది. విశ్రాంతిలో ఉన్న పురుగును మేల్కొల్పేది కూడా ఇదే.

వెలుతురుకూ కళ్ళకూ ఉన్న బంధం అంత కచ్చితమైనది కాదని చెప్పే మరో జీవి మన పొరుగున బస్తర్‌లో ఉంది. జగదల్‌పూర్‌కు దక్షిణాన, 1982లో ఏర్పడిన కాంగేర్ లోయ జాతీయ వనంలో కుటుంసర్ సున్నపురాతి గుహ ఉంది. దాని నీటి గుంటల్లో ఇండోరియోనెక్టిస్ ఎవెజార్డీ అనే చిన్న చేప బతుకుతుంది. అక్కడి చీకటిలో దాని కళ్ళు కుంచించుకుపోయాయి, ఒంటి రంగు తగ్గింది. రాయ్‌పూర్‌లోని పండిత్ రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయ పరిశోధకులు వెలుతురుకు ఈ చేప స్పందించే తీరునూ, దాని దినచక్రాన్నీ 1980ల నుంచి అధ్యయనం చేశారు. ప్లనేరియాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి: ఐరోపా, అమెరికా గుహల్లో కళ్ళు లేని తెల్లటి జాతులు తెలుసు. కాంగేర్ లోయ వంటి సున్నపురాతి ప్రదేశంలో, రాళ్ళ అడుగున, వాగుల అంచుల్లో బల్లపరుపు పురుగుల కోసం ఓపికగా వెతకడం జీవశాస్త్ర విద్యార్థులకు తగిన పని. పునరుత్పత్తి శక్తి జాతి జాతికీ ఎందుకు మారుతుందో ప్రయోగశాలలోని రెండు జాతులు మాత్రమే చెప్పలేవు.

జ్ఞాపకం సంగతి

కొత్త మెదడులో పాత నేర్పు మిగులుతుందా అన్నది ఈ రంగంలో పాత వివాదం. జేమ్స్ మెకానెల్ బృందం 1959లో, శిక్షణ పొందిన ప్లనేరియాల తోక ముక్కలు కూడా ఆ నేర్పును కొంత నిలుపుకున్నాయని ప్రకటించింది. ఆ తర్వాత ఆయన చేసిన కొన్ని వాదనలు ఇతరుల చేతుల్లో నిలవలేదు, దాంతో ఈ ప్రశ్నకే చెడ్డపేరు వచ్చింది. 2013లో తాల్ షోమ్రాట్, మైఖేల్ లెవిన్ మనుషుల చేయి పడని యంత్రంతో ప్రయోగాన్ని మళ్ళీ చేశారు. గరుకు అడుగున్న పాత్రకు అలవాటుపడిన పురుగులు అక్కడ త్వరగా మేతకు వెళ్తాయి. తల కోసి, కొత్త తల వచ్చాక పరీక్షిస్తే ఆ అలవాటు వెంటనే బయటపడలేదు. ఒక చిన్న పునశ్చరణ ఇచ్చాక, శిక్షణ ఎరుగని పురుగులకన్నా అవి ముందున్నాయి. నాడీదండాల్లోనో, ఒంటి నాడీవలలోనో ఏదో గుర్తు మిగిలి, కొత్త మెదడు దాని మీద తన్ను తాను అల్లుకుని ఉండవచ్చన్నది ఒక వివరణ. ఆ గుర్తు ఏ అణువులో ఉందో తేలాలంటే, ముందు ఏ నాడీకణం ఏ కణంతో కలుస్తుందో చెప్పే పూర్తి అల్లిక పటం కావాలి.